రెండున్నర చుట్లు

కోమలవల్లి నా బిడ్డకు కళ లేదన్నది. పోయినేడు, ఇదే కంచన్‌బాగ్ కాలనీ స్కేటింగ్ రింకుల, ఇదే రేకుల షెడ్డు కింద, పదిమంది ఇనంగ అన్నది. జడ్జీల బల్ల ఎనక కూసొని, కళ్ళద్దాలు ముక్కు కొనకు జార్చి, బస్సుల పక్క సీటాయనతోని మాట్లాడినంత నిమ్మళంగ అన్నది. "జంపులు బ్రహ్మాండం బాబూ, కాదనను. కానీ మీ అమ్మాయి జంపు కోసం ఎదురుచూస్తూ స్కేటింగ్ చేస్తుంది. మధ్యలో ఏమీ లేదు, ఖాళీగా ఉంది." ఖాళీ అంట. నాలుగు చక్రాల బూట్లేసుకొని గాలిలకు లేచి రెండున్నర చుట్లు తిరిగి ఒంటికాలు మీద దిగిన పోరిని పట్టుకొని ఖాళీ అంట. ఆమెది శాలిబండ. తాతల నుంచి గుడి పనోళ్ళు, ఇంట్ల డ్యాన్సు క్లాసు నడుపుతది, మెడల ముత్యాల దండ, చేతిల ఇసనకర్ర. కాళ్ళకు గజ్జెలు కట్టిన మనిషే గని చక్రాలు కట్టిన మనిషి గాదు. కళ మార్కులెయ్యనీకి ఎవ్వరు దొరకక స్కేటింగ్ సంఘమోళ్ళు ఆమెను తెచ్చి కూసోవెట్టిన్రు, ఆమె కూసున్నది. పోయినేడు నా బిడ్డను మూడో నంబరుకు తోసింది. ఇయ్యాల కూడ గామెనే కూసున్నది, అదే కుర్చీ, అదే ఇసనకర్ర, ఇసురుకుంట చల్లగ.

ఇసురుకోక ఏం చేస్తది, కరెంటు లేదు. నా బిడ్డ వీణ ఆట అయిపోయి రింకు గేటు దాటి బయటికొచ్చిన నిమిషానికే పోయింది. మార్కులు కూడే కంప్యూటర్ బందయింది. జనరేటర్‌ల డీజిల్ లేదు, తేనీకి ఎవడో పోయిండు, పోయినోడు రాడు. మైకు పట్టుకొని పొద్దటి సంది గొంతు చించుకుంటున్న అమరనాథ్ ఇప్పుడు ఉత్త నోటితోనే అరుస్తుండు, "జర ఓపిక పట్టాలె, జర ఓపిక పట్టాలె" అని. పట్టినం. పదకొండు దాటింది, రేకులు కాలి నెత్తి మీద పెనం పెట్టినట్టున్నది, తల్లులు దుపట్టాలతోని గాలి కొట్టుకుంటున్నరు, తండ్రులు ఫోన్ల మీద లెక్కలు కడుతున్నరు ఎవని పిల్లకు ఎంతొస్తదని. నేను కట్టుకోవాల్సిన లెక్క ఏం లేదు. వీణ దుంకలేదు. జాతీయ పోటీలకు పోయేది రాష్ట్రానికి ఒక్కటే పిల్ల, ఈ వయసు గుంపుల వీణకు ఇదే ఆఖరేడు, రాష్ట్రం మొత్తంల డబుల్ యాక్సెల్, గా రెండున్నర చుట్లది, దుంకేది అదొక్కతే, ఆ ఒక్కటి దుంకలేదు. పడ్డదా అంటే పడలేదు. కాలు జారిందా అంటే జారలేదు. పాట ఆడికొచ్చింది, అది ఆడికొచ్చింది, ముందుకు మొఖం పెట్టి లేవాల్సిన జాగల లేవలేదు, ఎన్కకు తిరిగి, చెయ్యి ఒకటి పైకి పెట్టి, ఏందో, గట్లనే ఎన్కెన్కకు పోయింది. నాకు కండ్లు మూసుకపోయినయి. ఆ తర్వాత ఏం జేసిందో నేను సరిగ సూడలేదు. సూడబుద్ధి కాలేదు.

గీ ఆటల రెండు తీర్ల మార్కులుంటయి. నాకు ఇది ప్రేమ్‌రాజ్ చెప్పిండు, వీణకు కోచు, ఫలక్‌నుమా పోరడు, మొదట్ల చర్చి గ్రౌండుల పిల్లలకు ఉత్తగనే నేర్పేటోడు. "అన్నా, ఒక్కొక్క దుంకుడుకు ఒక్కొక్క రేటు కట్టి ఉంటది. ఒక చుట్టుకు గింత, రెండు చుట్లకు గింత, రెండున్నరకు గింత. సాఫ్ దిగితే జర కలుపుతరు, తొట్రువడితే జర కోస్తరు. గది కష్టం మార్కు. ఇంగో దిక్కు కళ మార్కు. పాట ఇన్నదా, మధ్యల ఎట్ల నడిచింది, మనిషిల ఏమన్న కనవడ్డదా. గిది జడ్జీలు మనసుల అనుకొని ఏస్తరు." మనసుల అనుకొని ఏస్తరు, గీ మాట కాడనే నాకు ఒళ్ళు మండింది. నేను ఏడో తరగతి ఎనకాల బడి బంద్ పెట్టి పాల క్యాన్లు మోసినోన్ని. పాలు కొనెటోడు గాజుగొట్టం ఏస్తడు, అది తేలితె ఒక రేటు, మునిగితె ఒక రేటు. ఎన్న శాతం మిషన్ చెప్తది. పాలు ఎంత తెల్లగ మెరిసినయో, పోస్తుంటె ధార ఎంత సక్కగ వడ్డదో సూసి పైసలిచ్చెటోన్ని నా పుట్టువడిల సూడలేదు. మా పాలోళ్ళ గౌలిపురనే సూడలేదు. మరి ఈడేంది? రెండున్నర చుట్లంటె రెండున్నర చుట్లే, పావు తగ్గితె తగ్గిందని వీడియో ఆపి మరీ సూస్తరు, ఆడ ఎవని మనసుతోని పని లేదు. అది గాజుగొట్టం. ఇంగ మిగిలింది, చేతులాడిచ్చుడు, తల వంచుడు, కండ్లు మూసుడు, పెదాలు వణికిచ్చుడు, అదంత నీళ్ళు. నీళ్ళు కలిపినోనికి మార్కులేస్తరు, చిక్కగ పోసినోన్ని ఖాళీ అంటరు. ప్రేమ్‌రాజ్‌కు ఇదే చెప్తె నవ్విండు, "అన్నా, ముందుగాల అందరు గట్లనే అన్నరు, దుంకినోడే గెలిశెటోడు, తర్వాత సూసెటోళ్ళకు యాష్టకొచ్చింది, అందరు దుంకుడు, పడుడు, లేసుడు. అందుకే ఇటు తక్కెడల కూడ రాయి ఏసిన్రు" అన్నడు. యాష్టకొస్తె ఇంటికి పోవాలె. తక్కెడ పట్టెటోనికి యాష్టకొచ్చిందని తూకం మారుస్తరా?

నా పక్కన శ్రీపాద కూసున్నడు. మాన్య వాళ్ళ నాయిన. పోయినేడు ఫస్టొచ్చింది మాన్యనే. ఈయన లోహాల ల్యాబుల ఇంజనీరు, స్టీలు సీసాల నీళ్ళు, సీసాకు ఉన్ని తొడుగు, బిస్కెట్లు పెట్టిన డబ్బ, ఆ డబ్బకు కూడ లోపల అర్రలు. పిల్ల పడ్డా చప్పట్లు కొడతడు, లేసినా చప్పట్లు కొడతడు. మాన్య దుంకుడు నాకు తెల్వంది గాదు, రెండు చుట్లు తిరుగుతది, దిగేటప్పుడు వాన నీళ్ళల చెప్పులు తడవద్దని కాలు పెట్టినట్టు పెడతది. గని చేతులు మాత్రం అబ్బబ్బ. ఒక్కొక్క వేలు ఒక్కొక్క దిక్కు. శ్రీపాద నా దిక్కు బిస్కెట్ డబ్బ జరిపిండు.

"తీసుకోండి వైకుంఠం గారూ. మీ వీణ ఇవాళ ఆ జంపు ఎందుకు వదిలేసింది? దెబ్బ ఏమైనా తగిలిందా?"

"తగలలేదు సార్."

"పోనీలెండి. ఇది స్పోర్టూ కాదు, పూర్తిగా ఆర్టూ కాదు. రెండూ కావాలి. అదే దీని అందం."

"ఆర్టు చేసుకుంట కింద వడ్డోళ్ళు ఎవరన్న ఉన్నరా సార్? మోకాలు చిప్ప పగిలినోళ్ళు?"

ఆయన నవ్విండు. ఈ సదువుకున్నోళ్ళు గిట్లనే, ముల్లు గుచ్చితె నవ్వుతరు, రక్తం కనవడనియ్యరు. "మీరు భలే మాట్లాడతారు" అని బిస్కెట్ డబ్బ మూత పెట్టిండు. అర్రలర్రలుగ.

మోకాలు చిప్ప నాకు తెలుసు. వీణది ఎడమది, రెండున్నర నేర్సుకుంటనే పగిలింది. ఆ దుంకుడు ఈడ నేర్పెటోడు లేడు, ప్రేమ్‌రాజ్ చేతులెత్తిండు, చండీగఢ్ దిక్కు ఒకాయన ఉన్నడు, నడుముకు పట్టా కట్టి పైన చక్రం మీదకెళ్ళి తాడుతోని గుంజి గాలిల తిప్పి నేర్పుతడు అన్నడు. మూడు ఎండాకాలాలు పోయినం. నేను ఆడ గోడకు ఆనుకొని నిలవడి సూశేది, నా బిడ్డ నడుముకు తాడు, తాడు కొస ఇంగోని చేతిల, లేపుతడు తిప్పుతడు దించుతడు. మూడో ఎండాకాలం ఆయన తాడు ఇప్పిండు. వీణ ఉరికొచ్చి, ముందుకు మొఖం పెట్టి, లేసింది, తిరిగింది, దిగింది. నేను ఆడనే కూలవడి ఏడ్చిన. గట్ల ఏడ్చుడు నాకు నా పెండ్లికి రాలేదు, బాపు పోయినప్పుడు రాలేదు. ఇది మనది అనుకున్న. దీన్ని ఎవ్వడు మనసుల అనుకొని తీసెయ్యలేడు. రేటు కట్టి ఉన్నది, కాయితం మీద ఉన్నది, రెండున్నర.

ఆ తాడుకు, ఆ టికెట్లకు, ఇటలీ బూట్లకు, ఆ చక్రాలకు కొట్టం అమ్మిన. గౌలిపురల మా బాపు కొట్టం. బాపు పేరు గుండయ్య, గల్లీ మొత్తానికి గుండయ్య కొట్టం అంటె తెలుసు. షాబాదు బండలు పరిచిన నేల, ఎప్పుడు తడిగనే, గడ్డి వాసన, పేడ వాసన, పొద్దుగూకంగ సాంబ్రాణి పొగ. అప్పటికే బర్లు లేవు, ఒక్క నవాబు ఉండె, సదర్ పండుగకు తీసే దున్న, మా బాపు పానం. నేను అప్పటికే ట్రాలీ ఆటోల కంపెనీ పాల పాకెట్లు ఏస్తున్న, ఎవనివో పాలు, ఎవనిదో పేరు. నవాబు పోయినంక కొట్టం ఉత్తగ ఉన్నది. ఉత్త జాగ ఏం జేస్కుంటం అన్న. బాపు మంచం మీద కూసొని కాళ్ళు ఊపుకుంట ఇన్నడు. "పోరి గాలిలకు దుంకనీకి కాళ్ళ కింది నేల అమ్ముతవారా" అన్నడు. కోపంగ గాదు. నిజంగనే తెల్వక అడిగినట్టు అడిగిండు. నేను అమ్మకం కాయితం ముందట పెట్టిన. వేలిముద్ర ఏసిండు. ఇప్పుడు ఆడ మూడంతస్తుల బిల్డింగు, కింద ఫోన్ల దుకాణం, అద్దాల తలుపు, దాని ముందట కెల్లి ట్రాలీ పోతుంటె నేను ఇటు దిక్కు సూడ, అటు దిక్కు సూస్త. అటు దిక్కు ఏమున్నది, మురికి మోరీ ఉన్నది.

డీజిల్ తేనీకి పోయినోడు రాలేదు. కోమలవల్లి బల్ల ఎనక నుంచి లేసింది, నడుము పట్టుకొని నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. నడక సూడు, నడిస్తె కూడ తాళం ఏసినట్టే. నన్ను సూసింది. తల ఊపింది. నేను ఊపలేదు.

లేపు, లేపు, లేపు. గీ లొల్లి చెవులల్ల ఎందుకు మోగుతుందో. ఈడ ఎవ్వరు అంటలేరు, ఈడ అందరు గాలి కొట్టుకుంటున్నరు. అది సదర్ లొల్లి. దీపావళి అయిన రెండు దినాలకు మా యాదవులం దున్నలను తీస్తం, కడిగి, నూనె రాసి, కొమ్ములకు నెమలీకలు, మెడకు గవ్వల పట్టీలు, కాళ్ళకు గజ్జెలు. నడిబజార్ల తీన్మార్ డప్పులు, మర్ఫా డప్పులు. పోతును ఎన్క కాళ్ళ మీద నిలవెట్టాలె, ముంగలి కాళ్ళు గాలిల లేవాలె, అప్పుడు జనం ఈలలు. లేపినోడు మొగోడు, లేపనోడు ఇంటికి. అది కూడ గాజుగొట్టమే, లేస్తె లేసినట్టు, లేవకుంటె లేవనట్టు. మా నవాబు మస్తు లేశేది, మనిషి మీద మనిషి నిలవడ్డంత. ఆ ఏడు మాత్రం లేవలేదు. ఎన్క కాలు కీలు వాచి ఉండె, బాపుకు తెలుసు, నాకు తెలుసు, గని నేను లేపు బాపు అన్న. అందరు అన్నరు. వీణ నా భుజం మీద ఉండె, నాలుగేండ్లది, అది గూడ చేతులు కొట్టుకుంట లేపు తాతా అని. మా ముందట పోయినోళ్ళ దున్నలన్ని లేసినయి. షీల్డు ఇయ్యనీకి స్టేజీ మీద పెద్దలు కూసున్నరు, మెడల దండలు. బాపు నవాబును నడిబజార్లకు తెచ్చిండు. తెచ్చి, పగ్గం దాని మెడ మీదికి ఇసిరేసిండు. ఉత్త చెయ్యి పైకి లేపిండు, అరచెయ్యి దాని దిక్కు, రొట్టె సూపెట్టినట్టు, గని చెయ్యిల ఏం లేదు. ఎన్కకు నడువవట్టిండు. మొఖం నవాబు దిక్కు, ఈపు జనం దిక్కు, ఒక్కొక్క అడుగు, ఎన్కకు సూడకుంట. నవాబు ఆ ఉత్త చెయ్యి ఎన్కంబడి రావట్టింది. కుంటుకుంట గాదు. నిండుకుండ లెక్క, తొణకకుంట. మర్ఫా కొట్టే మా గల్లీ సాయిబు చాచా చెయ్యి మెల్లగయింది, తీన్మార్ ఆగింది, ఆ చప్పుడు ఒక్కటే, దుమ్, కొంచెం ఆగి, దుమ్. గంత బజార్ల దున్న గజ్జెలు ఇనవడ్డయి. చీలిన జనం చీలినట్టే నిలవడ్డరు. బాపు చెయ్యి కిందికి దించిండు, నవాబు ఆగింది, మూతి తెచ్చి ఆ అరచెయ్యిల పెట్టింది. గంతే. అయిపోయింది. చాచా డప్పు పక్కకు పెట్టి వచ్చి బాపును కావలిచ్చుకుండు, "అరె గుండయ్యా, ఆజ్ జాన్వర్ నై ఉఠా, లోగాఁ ఉఠ్ గయే" అన్నడు. దున్న లేవలేదు, జనం లేసిన్రు అన్నట్టు. ఏం లేసి ఏం ఫాయిదా. షీల్డు లేపినోనికి ఇచ్చిన్రు. స్టేజీ మీదికెళ్ళి ఒకడు మైకుల అన్నడు కూడ, గుండయ్య దున్నకు ముసలితనం వచ్చింది అని. బాపు నవ్వుకుంట నవాబును తోలుకొని ఇంటికొచ్చిండు. నేను రాలేదు. నేను సిగ్గుతోని లాల్‌దర్వాజ కాడ కల్లు దుకాణంల కూసున్న. ఆ దినం అనుకున్న, ఈ దునియల లేచినోనిదే లెక్క. వీణకు మొదటి సారి ప్లాస్టిక్ స్కేట్లు కొనిచ్చిన దినం గూడ గదే అనుకున్న.

ఆ స్కేట్లు. గులాబీ రంగువి, బేగంబజార్ల కొన్న. ఆ పోరి వాటిని గల్లీల ఏడ తొక్కుతది, గల్లీ నిండ గుంతలు. కొట్టంల తొక్కేది. షాబాదు బండల మీద నీళ్ళు చల్లి ఉంటయి, ఒక్కసారి తోస్తె ఈ గోడ కాడికెళ్ళి ఆ గోడ దాక. పొద్దుగూకంగ బాపు నవాబును తొట్టి కాడికి తీసేది, గదే తీరు, పగ్గం లేకుంట, ఉత్త చెయ్యి లేపి ఎన్కకు నడుసుకుంట. ఈ పోరి తాత పక్కపొంటి, చక్రాల మీద, అది గూడ చెయ్యి లేపి, అది గూడ ఎన్కకు. లీల తిట్టేది, నా పెండ్లాం, "దున్న తొక్కుతదే, ఇవుతలకు రా" అని. తాత అనేటోడు, "ఎన్కకు సూడకు బిడ్డా. ఎన్కకు సూస్తె నువ్వు గోడకు భయవడ్డట్టు దానికి తెలుస్తది. దాని కండ్లల్లకు సూడు."

చెయ్యి.

ఇందాక. పాట ఆడికొచ్చినప్పుడు. నేను కండ్లు మూసుకున్న అన్న గద, మొత్తం మూసుకోలేదు, ఎవడు మూసుకుంటడు, సొంత బిడ్డ. ఎన్కకు తిరిగింది. కుడి చెయ్యి లేసింది, అరచెయ్యి ముందు దిక్కు, వేళ్ళు దగ్గరగ, మాన్య లెక్క ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కు గాదు, దగ్గరగ, రొట్టె పట్టుకున్నట్టు. తల ఎన్కకు తిప్పలేదు. రింకు ఈ కొస నుంచి ఆ కొస దాక ఒక్క తోపుల, పెద్ద వంపు, ఎన్కెన్కకు. ముందట ఎవ్వరు లేరు. లేరు గని ఏదో వస్తున్నట్టే ఉండె, పెద్దది, నల్లగ, నిమ్మళంగ, ఆ చెయ్యి ఎన్కంబడి. గోడ కాడ ఆగింది. చెయ్యి దించింది. దించినంక ఒక్క గడియ అరచెయ్యి అట్లనే తెరిచి పెట్టింది, దాంట్ల మూతి పెట్టెటోని కోసం. ఛల్. ఏం మూతి, ఏం మతి. ఎండకు నెత్తి తిరుగుతుంది నాకు. గదా అది చేసింది? రెండున్నర చుట్లు ఇడిసిపెట్టి, మూడు ఎండాకాలాలు ఇడిసిపెట్టి, దున్నను తొట్టి కాడికి తోలుకపోయిందా? జాతీయ పోటీల సెలక్షన్‌ల? ముత్యాల దండల ముందట? దానికి రేటేంది? ఏ కాయితం మీద ఉన్నది ఆ చెయ్యి రేటు? సున్న. బజార్ల పెద్దోళ్ళు ఇచ్చిన రేటు నాకు తెలుసు. ముసలితనం వచ్చిందన్నరు.

ఫ్యాన్లు తిరిగినయి. జనం హో అని ఒర్రిన్రు, కరెంటే వచ్చింది, డీజిల్ పోరడు ఇంగ రానేలేదు. కంప్యూటర్ ముందట ముగ్గురు వంగిన్రు. కోమలవల్లి ఇసనకర్ర మడిచి సంచిల పెట్టుకుంది. ప్రేమ్‌రాజ్ ఏడికెళ్ళో ఉరికొచ్చి నా పక్కన చతికిలవడ్డడు, "అన్నా నాకు గూడ చెప్పలేదు, ఒట్టు, నిన్నటి దాక దుంకింది" అన్నడు. అమరనాథ్ మైకు తట్టిండు, మూడో నంబరు చెప్పిండు, ఎవరో మెదక్ పిల్ల. రెండో నంబరు అన్నడు, అని నీళ్ళు తాగిండు, వీడొకడు, సినిమా చూపెడతడు. "మాన్య శ్రీపాద." నా పక్కన చప్పట్లు. ఇగ లేద్దామనుకున్న. ట్రాలీ నీడల పెట్టలేదు, సీటు కాలుతుంటది అనుకున్న. గంతల ప్రేమ్‌రాజ్ నన్ను గుద్దిండు, భుజం మీద, దెబ్బ తగిలేటట్టు. వీణ. ఫస్టు. కష్టం మార్కులల్ల మాన్య ఎన్కనే ఉన్నది నా బిడ్డ, కళ మార్కులల్ల ఎవ్వరు దాని దరిదాపులకు రాలేదు. అందరికన్న ఎక్కువ ఏసింది కోమలవల్లి. శ్రీపాద నా చెయ్యి పట్టుకొని ఊపవట్టిండు, "అద్భుతం అండీ, ఆ వెనక్కి వెళ్ళే చోట నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి" అని. ఆయన కండ్లల్ల నీళ్ళు, నిజంగనే. బిడ్డ ఓడిపోతె ఏడ్వాలె గని పక్కోని బిడ్డ గెలిస్తె ఏడ్చుడేంది, ఈ మనుషులు నాకు సమజ్ కారు.

వీణ బూట్ల లేసులు ఊడదీసుకుంట వచ్చింది, సాక్సుల మీద, చెమట కారుకుంట. నా ముందట మెట్టు మీద కూసున్నది.

"కోపమొచ్చిందా డాడీ?"

"దుంకలేదేంది?"

"మస్తు సార్లు దుంకిన గద. నువ్వు సూసినవ్ గద." ఎడమ మోకాలు మీది పట్టీ ఇప్పి చుట్టవట్టింది. "ప్రతీసారి ఆడికొస్తుంటె నీ మొఖమే కనవడ్తది డాడీ, పళ్ళు కొరుక్కుంట. పాట ఇనవడదు. ఇయ్యాల ఇందామనిపిచ్చింది."

"సీటు పోతుండె."

"పోలేదు గద." నవ్వింది, బాపు నవ్వు. "నేను ఆడ ఏం జేసిన్నో గుర్తు వట్టినవా?"

"లేదు" అన్న.

అది నా దిక్కు జర సేపు సూసి, తల ఊపి, మెడల్ కోసం పోయింది. గుర్తు వట్టిన అంటె ఏమైతుండె? ఏమో. నోటికి రాలేదు. బాపుకు మైకుల ముసలితనం అన్నరు, అదే చెయ్యికి ఈడ ఫస్టు ఇచ్చిన్రు. తక్కెడ మార్చిన్రు, నా బిడ్డకే మార్చిన్రు, నాకు సంతోషం కావాలె, అయితలేదు. ఆ చెయ్యికి నేను పైస పెట్టలేదు. అది బండల మీద ఉత్తగ దొరికింది, నీళ్ళు చల్లిన బండల మీద, పొద్దుగూకంగ. నేను పైస పెట్టిందేమో ఇయ్యాల అక్కెరకు రాలేదు. గీ లెక్క ఎవనికి చెప్పాలె. లీలకు ఫోన్ చేసి ఫస్టొచ్చింది అన్న. "దుంకిందా?" అని అడిగింది. ఫోన్ పెట్టేసిన.

కోమలవల్లి వచ్చింది. సంచి భుజానేసుకొని, చెప్పులు చప్పుడు గాకుంట. నేను లేవలేదు, లేవొద్దనుకున్న, గని ఆమె ముసలిది, లేసిన.

"ఈసారి ఖాళీ లేదు బాబూ. ఆ జంపు చేసి ఉంటే మార్కులు ఇంకా వచ్చేవి, అది వేరే సంగతి. కానీ ఆ వెనక్కి వెళ్ళడం ఉందే, అది ఎవరు కూర్చారు? ప్రేమ్‌రాజ్ తనది కాదంటున్నాడు."

"మా నాయిన మేడం."

"మీ నాన్నగారు నృత్యం నేర్పేవారా!"

నాకు నవ్వొచ్చింది. చాన దినాలకు. దున్నపోతు మాస్టరు అందామనుకున్న, ఆమె మొఖం సూసి అనలేదు. అంత సదివిన మొఖం, అంత నిజంగ అడుగుతుంది.

"గౌలిపురల ఉండె మేడం, ఆయన జాగ. బండలేసిన నేల. ఈ పిల్ల ఆడనే నేర్సుకుంది."

"అలాగా. మా క్లాసుకు కూడా బండల నేల ఉన్న చోటు దొరకట్లేదు, అంతా టైల్సు, కాళ్ళు జారుతున్నాయి. అద్దెకిస్తారేమో కనుక్కుందును. స్థలం ఎంత ఉంటుంది?"

అటు దిక్కు సూసిన. రింకు నడుమ వీణ మెడల్ ఏసుకొని ఫోటోకు నిలవడ్డది, సాక్సుల మీద, మాన్య దాని భుజం మీద చెయ్యేసింది. అమరనాథ్ ఇంగో గుంపు పిల్లలను పిలుస్తుండు.

"ఇప్పుడు లేదు మేడం, అమ్మిన" అన్న. "ఉన్నప్పుడు అరవై రెండు గజాలు."